చైన్ సెట్ మార్చాక ఒకచోట బిగుతు, ఒకచోట వదులు: పొరపాటు ఎక్కడ?

100 సీసీ బండికి షెడ్డులో చైన్ స్ప్రాకెట్ సెట్ (చైన్, దాన్ని తిప్పే పళ్ల చక్రాలు), వెనక బ్రేక్ షూలు కొత్తవి వేయించాను. చైన్ కవర్ విప్పి చూస్తే లింకు క్లిప్పు (చైన్ రెండు కొసల్ని కలిపే లింకు ఊడకుండా పట్టే క్లిప్పు) తిరగేసి ఉంది. మూసిన వైపు చైన్ నడిచే దిక్కుకి ఉండాలి. ఇక్కడ చీలిక ముందుంది, దేనికైనా తగిలితే ఊడిపోతుంది. బ్రేక్ టార్క్ రాడ్ (బ్రేక్ ప్లేటు తిరగకుండా పట్టే కడ్డీ) నట్టుకి, అది ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను కూడా లేదు, అది వేసేశాను. చైన్ బిగుతు సరిచేసే అడ్జస్టర్ గుర్తులు రెండు పక్కలా సమానమే, యాక్సిల్ నట్టు గట్టిగానే ఉంది.

అర్థంకానిది చైన్ ఊపు, అంటే అది పైకీ కిందకీ ఆడే మేర. ఒకచోట 15 మి.మీ., చక్రం అరచుట్టు తిప్పితే 30. వెనక స్ప్రాకెట్‌కి సుద్దముక్కతో గుర్తు పెట్టి చూశాను, ప్రతి చుట్టులో అదే పన్ను దగ్గర బిగుస్తోంది. అంటే తప్పు చైన్‌ది కాదు. స్ప్రాకెట్ బోల్టులు సరిగా కూర్చోలేదా, స్ప్రాకెట్టే వంకరా? చక్రం విప్పకుండా తేల్చే దారి ఉందా? తీసిన క్లిప్పు మళ్లీ వాడొచ్చా, కొత్తదే వేయాలా? తెలిసినవాళ్లు చెప్పండి, అప్పటిదాకా బండి తీయను.