ఫ్రిజ్ రోజుకి ఎన్ని యూనిట్లు కాలుస్తుందో కచ్చితంగా తెలుసుకోవడం ఎలా?

ఇంట్లో ఏ వస్తువు ఎంత కరెంటు కాలుస్తుందో లెక్క వేద్దామని కూర్చున్నాను. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. అంటే 2000 వాట్ల గీజర్‌కి అరగంట చాలు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఫ్రిజ్‌తోనే. కంప్రెసర్ కాసేపు తిరుగుతుంది, కాసేపు ఆగుతుంది. అందుకే వాట్లని 24 గంటలతో గుణిస్తే లెక్క తప్పుతుంది.

మా మీటర్‌లో ఎర్ర లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అని దాని మీదే రాసి ఉంది. మొన్న రాత్రి ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపేసి, టార్చి పట్టుకుని లెక్కపెట్టాను (ఇంట్లోవాళ్లు నాకేదో అయిందనుకున్నారు). 15 నిమిషాల్లో 80 సార్లు వెలిగింది. అంటే సగటున 100 వాట్లు. కానీ ఆ సమయంలో కంప్రెసర్ ఎంతసేపు తిరిగిందో గమనించలేదు.

ఫ్రిజ్ ప్లగ్ తీసేశాక కూడా 15 నిమిషాల్లో 8 సార్లు వెలిగింది! టీవీని రిమోట్‌తోనే ఆపాను, స్విచ్ తీయలేదు. దానివల్లేనా, లేక ఇంకేదైనా ఉందా?

ప్లగ్‌కి తగిలించే చిన్న మీటర్ కొందామనుకుంటున్నాను. ఫ్రిజ్‌కి ఒక్కరోజు పెడితే సరిపోతుందా, వారం ఉంచాలా? వాడినవాళ్లు కాస్త చెప్పండి. ఇన్వర్టర్ ఏసీని ఎలా కొలిచారో కూడా.