ముందు 4.88, వెనుక 5.38: పాత జీపులో ఫోర్ వీల్ వేయవచ్చునా?

ప్రశ్న

పాడేరు దగ్గర మా కాఫీ తోటకు వెళ్లే దారి వానకాలంలో ఫోర్ వీల్ లేనిదే ఎక్కలేము. కిందటేడు మా పాత విల్లీస్ జీపు ముందు యాక్సిల్ హౌసింగ్ (యాక్సిల్ గేర్లను కప్పి ఉంచే పెట్టె) పగిలితే, పాత సామాను అంగడిలో దొరికిన మరొక యాక్సిల్‌ను వేయించాను. బురదలో బండి బాగానే నడుస్తున్నది. అయితే ఫోర్ వీల్‌లోనే తారు రోడ్డు ఎక్కితే కొద్ది దూరానికే స్టీరింగు బిగుసుకుపోతున్నది. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే పెట్టె) లివరు, బండిని కాస్త వెనక్కు నడిపితే తప్ప, ఎంత లాగినా రావడం లేదు. యాక్సిళ్ల మూత విప్పి క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్లు లెక్కపెడితే వెనుక 43, 8. ముందు 39, 8 ఉన్నాయి. నాలుగు పళ్ల తేడాకే ఇంత జరుగుతుందా?

మొదటి సమాధానం

తప్పక జరుగుతుంది. 43ను 8తో భాగిస్తే 5.375, 39ను భాగిస్తే 4.875 వస్తాయి. అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి పినియన్ అన్ని చుట్లు తిరగాలి. యుద్ధకాలపు సైనిక జీపుకు 4.88, 1945లో పౌరుల కోసం వచ్చిన సీజే-2ఏకు 5.38 ఇచ్చారు, ముందు యాక్సిళ్లు రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి కనుక మీ మెకానిక్ పొరపడి ఉంటారు.

మీ బండిలో రెండు యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు. ఫోర్ వీల్ వేయగానే ముందు, వెనుక ప్రొపెల్లర్ షాఫ్టులు (పినియన్లను తిప్పే పొడవాటి కడ్డీలు) ఒకే వేగంతో తిరిగి తీరాలి, కాబట్టి వెనుక చక్రం 100 మీటర్లు దొర్లేలోగా ముందు చక్రం 110 మీటర్లు దొర్లాలని చూస్తుంది. బురదలో ఆ 10 మీటర్లు టైరు జారి సర్దుకుంటుంది. తారు మీద టైరు జారలేదు గనుక ఆ తేడా అంతా షాఫ్టుల్లో, జాయింటుల్లో మెలికగా పేరుకుని గేరు పళ్లను ఒకదానికొకటి అదిమి పట్టుకుంటుంది. మీరు వెనక్కు నడిపినప్పుడు విడిపోతున్నది ఆ మెలికే. దయచేసి గట్టి నేల మీద ఫోర్ వీల్ వేయకండి. ముందు జాయింటు విరిగితే ఘాట్ రోడ్డులో ప్రాణాపాయం. టూ వీల్‌లో నడపడానికి మాత్రం ఈ తేడా అడ్డు కాదు.

రెండవ సమాధానం

మూత విప్పకుండానే చూసుకునే పద్ధతి ఒకటున్నది. గేరును, ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో ఉంచి, మిగిలిన చక్రాలకు రాళ్లు పెట్టి, ఒక్క వెనుక చక్రాన్ని మాత్రం జాకీతో లేపి రెండు పూర్తి చుట్లు తిప్పండి. రెండో చక్రం కదలదు గనుక ఇది రెండు చక్రాలూ ఒక్కో చుట్టు తిరిగినదానితో సమానం. షాఫ్టు ఐదు చుట్లు దాటి ఇంకొంచెం తిరిగితే 5.38, ఐదుకు కాస్త తక్కువైతే 4.88. ముందు యాక్సిల్‌కూ ఇలాగే చేయవచ్చు. పాత యాక్సిల్ కొనేవారు అంగడిలోనే ఇలా తిప్పి చూసుకోవడం మంచిది.

ప్రశ్న అడిగినవారు

ముందు చిన్న టైర్లు వేస్తే సరిపోదా? ఫోర్ వీల్ ట్రాక్టర్లకు ముందు చక్రాలు చిన్నవే కదా?

మూడవ సమాధానం

ట్రాక్టరులో ముందు చక్రం చిన్నదని దానికి తగ్గట్టే గేర్ల నిష్పత్తిని పెడతారు. పైగా ముందు చక్రాలు వెనుకవాటికంటే 1 నుంచి 5 శాతం ముందుండేలా కావాలనే లెక్కకడతారు. అది మెత్తని పొలానికి తగిన లెక్క. మీ జీపుకు ముందు టైరు 9 శాతానికి పైగా చిన్నది కావాలి. అప్పుడు ముందు భాగం నేలకు దిగుతుంది, ఒకే స్టెప్నీ రెండింటికీ పనికిరాదు.

అంటే యాక్సిళ్లలో ఏ తేడా ఉండకూడదని కాదు. 41, 10 పళ్ల జతకూ 45, 11 పళ్ల జతకూ మధ్య తేడా 0.2 శాతమే, టైరు అరుగుదలలో, గాలి హెచ్చుతగ్గులలో అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. 10 శాతాన్ని మాత్రం, మధ్య డిఫరెన్షియల్ ఉన్న బండిలోనూ ఒప్పుకోలేము. నేరుగా పోతున్నా ఆ డిఫరెన్షియల్ విశ్రాంతి లేకుండా తిరిగి అరిగిపోతుంది.

మీ కొండదారికి 5.38 మేలు. వెనుక యాక్సిల్‌ను కదపకుండా ముందు 43, 8 జతను వేయించండి. క్రౌన్, పినియన్ ఎప్పుడూ జతగానే కొనాలి. షిమ్ములు (పలుచని లోహపు రేకులు) పెట్టి పళ్ల మధ్య సందును కొలిచి సర్దగలిగిన మెకానిక్‌కే పని అప్పగించండి. బిగించే ముందు పళ్లకు రంగు పూసి, ఒత్తిడి పంటి నడుమ పడుతున్నదో లేదో మీరు కూడా దగ్గరుండి చూడండి.