ఫ్లోరెన్స్‌లో సాంతా త్రినితా వంతెన: పాతదా, కొత్తదా?

అర్నోగట్టు: ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లేవాళ్లంతా అర్నో నది మీద నగల కొట్లుండే పాత వంతెన పోంతె వెక్కియో మీదే ఎగబడతారు. దాని దిగువనే ఉన్న సాంతా త్రినితా వంతెన చూడండి. 16వ శతాబ్దంలో అమ్మన్నాతి అనే శిల్పి కట్టాడు. ఆ మూడు కమానులూ ఎంత పల్చగా సాగుతాయంటే, గట్టు మీంచి చూస్తే రాతి బరువే తెలియదు.

సూటిమాట: 16వ శతాబ్దం అనకండి. 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ దాన్ని పేల్చేసింది. ఇప్పుడున్నది 1958 నాటిది. నగరంలోని వంతెనల్లో వాళ్లు వదిలేసింది 1345 నాటి పోంతె వెక్కియో ఒక్కటే.

అర్నోగట్టు: నదిలోంచి రాళ్లు ఏరారు. చాలనివాటికి బోబోలి తోటలోని గని మళ్లీ తెరిచారు. అదే రాయి, అదే కొలత. ఇంకేం కావాలండీ?

యాత్రికురాలు: మా టూర్ వాళ్లు నగల కొట్ల దగ్గర గంటసేపు వదిలేశారు, ఇటువైపు తీసుకెళ్లనే లేదు. ఇప్పటికీ కోపమే.

సూటిమాట: వంతెన మూలనున్న వసంత ఋతువు విగ్రహం తల పేలుడులో పోయి 1961 దాకా దొరకలేదు. మెడ దగ్గర అతుకు చూడండి.

అర్నోగట్టు: మళ్లీ ఆ తల గొడవేనా! మీకు అందం పట్టదు, తేదీ ఒక్కటే కావాలి.

కొత్తసభ్యుడు: ఇద్దరూ కాస్త తగ్గండి.

సూటిమాట: నా బాధ తేదీ కాదు. పోంతె వెక్కియోని వదిలి, దారి మూసేయడానికి దాని రెండు చివర్లా ఇళ్లు పేల్చారు. మధ్యయుగపు బురుజుల ఇళ్లు! వంతెన కోసం గని తెరిచారు, ఆ వీధుల్లో మాత్రం కొత్త భవనాలు లేచాయి. మా తాతలది కృష్ణ ఒడ్డు. శ్రీశైలం డ్యాం నీళ్లలో మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపురంలో నిలబెట్టారు, మా ఊరు నీళ్లపాలైంది. ఆ గుడికి ఇప్పటికీ మొక్కుతాను. కానీ అంతా దక్కినట్టు మాట్లాడితే ఒళ్లు మండుతుంది.

అర్నోగట్టు: ఊరు పోయిందని గుడినీ ముంచేయాలా? 1966 వరదను తట్టుకుని ఈ వంతెన నిలబడింది. జనం రోజూ దాటుతున్నారు. నాకు అదే ముఖ్యం.

సూటిమాట: కట్టొద్దని నేనెక్కడన్నాను? వంతెన దాటాక, అలా పేల్చేసిన వీధుల్లో ఒకటైన బోర్గో సాన్ యాకోపోలో నడిచి, అక్కడి కొత్త గోడలు కూడా చూడమంటున్నాను. మీ పోస్టులో వాటి ఊసే లేదు.