అప్‌డేట్: లేహ్ కాకుండా గుల్మార్గ్‌కే ఎందుకు?

లద్దాఖ్‌లోని లేహ్ ఇంకా ఎత్తులో ఉంది, చలీ ఎక్కువే, మరి స్కీయింగ్‌కి అందరూ కశ్మీర్‌లోని గుల్మార్గ్ అంటారేంటి అని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్స్, ఫిబ్రవరిలో వెళ్లొచ్చాను.

మీరు చెప్పినట్టే చలి ఒక్కటే చాలదు, తేమ రావాలి. చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమ మోసుకొచ్చే వాతావరణ వ్యవస్థలు, అంటే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు, గుల్మార్గ్ ఉన్న పీర్ పంజాల్ కొండలకి తగిలి పైకి లేస్తాయి, లేచిన గాలి చల్లబడి ఆ తేమంతా మంచుగా కురుస్తుంది. లేహ్ చేరేలోపే మధ్యలో ఉన్న హిమాలయాలు ఆ తేమని చాలావరకు పిండేసుకుంటాయి, అందుకే 3,500 మీటర్ల ఎత్తున్నా అక్కడ మిగిలేది పొడి చలే.

ఎత్తు సంగతి మాత్రం గుల్మార్గ్‌లో కొండ మీదికి తీసుకెళ్లే గొండోలాలో (కేబుల్ కార్) బాగా తెలిసింది. కింద 2,650 మీటర్ల దగ్గర జాకెట్ మీద పడిన మంచు పడ్డట్టే కరిగి తడిపేస్తోంది, అదే రోజు గొండోలా రెండో దశ దిగి అఫర్వత్ కొండ మీద మంచుని గుప్పెట్లోకి తీసుకుని ఎంత నొక్కినా ముద్ద కట్టలేదు, పొడిపొడిగా జారిపోయింది. స్కీయింగ్‌కి అందరూ కోరుకునేది అదే!

ఒక్క మాట, తేదీ ఒక్కటే చూసి టికెట్లు కొనకండి. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ నేల బోసిగా ఉండిపోయింది, 2025లో మంచు చాలక ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో (జాతీయ శీతాకాల క్రీడలు) గుల్మార్గ్ పోటీల్ని ఫిబ్రవరి నుంచి మార్చికి మార్చారు. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోండి, వెస్టర్న్ డిస్టర్బెన్స్ వస్తోందని వాతావరణ శాఖ చెప్పాక బయల్దేరండి.