రోజుకి 1 శాతం ఇచ్చే ట్రేడింగ్ రోబో: కట్టొచ్చా?

బ్రాడీపేట 4వ లైను: మా బావ ఇక్కడే గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. ఏదో సాఫ్ట్‌వేర్ అంట, యూరో-డాలర్ తనే కొని తనే అమ్ముతుందంట, రోజుకి 1 శాతం. హోటల్లో మీటింగ్ పెట్టి బిర్యానీ పెట్టారు. 3 లక్షలు కడదాం అంటున్నాడు. ఎవరైనా చేశారా?

బెజవాడ బుల్లోడు: బిర్యానీ ఎలా ఉందన్నా?

పటమట మాస్టారు: బాబూ, 31 ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఒక్క లెక్క వేయనివ్వు. ఏడాదికి 250 ట్రేడింగ్ రోజులనుకో. రోజుకి 1 శాతం, లాభం మళ్ళీ అందులోనే వేస్తూ పోతే లక్ష 12 లక్షలవుతుంది. మూడేళ్ళకి 17 కోట్లు దాటుతుంది. అలాంటి యంత్రం ఉన్నవాడు ఇల్లు తాకట్టు పెట్టి సొంతంగా ఆడుకుంటాడు గానీ గుమస్తాలకి బిర్యానీ పెడతాడా?

కృష్ణలంక కోడర్: మాస్టారూ, మోసం వేరు, ఆల్గో (ముందే రాసిన రూల్స్ ప్రకారం తనే కొని అమ్మే ప్రోగ్రాం) వేరు. రెండూ ఒకే గాటన కట్టకండి. 2025 ఫిబ్రవరిలో షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీయే రిటైల్ ఆల్గోలకి, అంటే మనలాంటి చిన్నవాళ్ళు వాడేవాటికి, నిబంధనలు ఇచ్చింది. నాది నేనే పైథాన్‌లో రాసుకుని బ్రోకర్ ఏపీఐ (ప్రోగ్రాం నుంచే ఆర్డర్లు పంపే దారి) మీద నడుపుతున్నా.

పటమట మాస్టారు: డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చారని బండి గుద్దుకోకుండా ఉంటుందా? అదే సెబీ 2024లో ఏం చెప్పింది? మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్: ధర ముందుముందు ఎటు పోతుందోనని కాసే పందేలు) ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమేనని.

కృష్ణలంక కోడర్: అదే రిపోర్టులో ఇంకో లెక్క కూడా ఉంది. 2023-24లో విదేశీ ఫండ్ల లాభాల్లో 97 శాతం, సొంత డబ్బుతో ట్రేడ్ చేసే ప్రాప్ సంస్థల లాభాల్లో 96 శాతం ఆల్గోలవే. గెలిచేది మెషినే.

పటమట మాస్టారు: వాళ్ళ సర్వర్లు ఎక్స్ఛేంజి పక్కనే ఉంటాయి, ఆర్డరు నీకంటే ముందే చేరుతుంది. నీ ల్యాప్‌టాప్ కృష్ణలంకలో ఇన్వర్టర్ మీద ఉంటుంది.

అకౌంట్స్ అరండల్‌పేట: ఇద్దరూ సెబీ అంటున్నారు, ఆయన అడిగింది ఫారెక్స్, అంటే విదేశీ కరెన్సీల ట్రేడింగ్. అనుమతి లేని ప్లాట్‌ఫాంలో ఆడితే ఫెమా (విదేశీ మారక చట్టం) కింద ఆడినవాడి మీదే చర్య. అలాంటి ప్లాట్‌ఫాంల పేర్లతో ఆర్‌బీఐ ఇచ్చిన అలర్ట్ లిస్టు చూడండి. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

కృష్ణలంక కోడర్: అది ఒప్పుకుంటా. బ్రాడీపేట బ్రో, మీ బావ చూసింది మార్టింగేల్ రకం అయ్యుంటుంది. నష్టం వస్తే తర్వాతి పందెం రెట్టింపు. అందుకే నెలల తరబడి రోజూ పచ్చగానే కనిపిస్తుంది. వెయ్యితో మొదలెట్టి వరసగా పది ఓడితే పోయేది 10,23,000. కానీ ఆల్గోలన్నీ ఇలాంటివి కావు.

పటమట మాస్టారు: అన్నీ వదిలెయ్. నువ్వు గెలిచావా? అది చెప్పు.

కృష్ణలంక కోడర్: ఇది పర్సనల్. నేను ఎవరికీ ఏమీ అమ్మట్లేదు.

పటమట మాస్టారు: నేనూ పర్సనల్‌గానే అడుగుతున్నా. నా రిటైర్మెంట్ డబ్బులో 6 లక్షలు మా పెద్దాడు ఇలాగే "బ్యాక్‌టెస్ట్ చూడు నాన్నా, పాత ధరల మీద ఎంత లాభం వచ్చేదో" అని పట్టుకెళ్ళాడు. ఇప్పుడు పండగకి కూడా ఇంటికి రాడు.

కృష్ణలంక కోడర్: మీ అబ్బాయి మీది కోపం నా మీద తీర్చుకుంటారేంటండీ! సరే, వినండి. ఆప్షన్లు అమ్మే ఆల్గో, అంటే మార్కెట్ పెద్దగా కదలకపోతే చిన్న లాభం, గట్టిగా కదిలితే పెద్ద నష్టం. ఎనిమిది నెలలు రోజుకి ఆరేడొందలు వచ్చాయి. 2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు. ఊరంతా టీవీల ముందు ఎవరి సీటు ఏమైందా అని చూస్తోంది, నేనూ అంతే. షేర్ల సూచీ నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. 3,40,000 పోయింది. అందులో లక్షన్నర మా పిన్నిది.

పటమట మాస్టారు: పిన్నికి చెప్పావా?

కృష్ణలంక కోడర్: నెలనెలా 5 వేలు పంపుతున్నా. లాభం అనుకుంటోంది.

బెజవాడ బుల్లోడు: అమ్మో.

పటమట మాస్టారు: మా వాడూ నాలుగు నెలలు అలాగే పంపాడు. పోయిన 6 లక్షల గురించి కాదు నా బాధ. నువ్వు చెప్పెయ్ నాయనా, వాళ్ళకి తర్వాత తెలిస్తే మరీ ఘోరం.

కృష్ణలంక కోడర్: చెబితే ఇంట్లోకి రానిస్తారా మాస్టారూ? మీరు రానిస్తారా మీ వాణ్ణి?

బ్రాడీపేట 4వ లైను: ఇంత మాట్లాడారు కాబట్టి చెబుతున్నా. "కడదాం" అని రాశాను గానీ బావ మొన్న సోమవారమే కట్టేశాడు. అక్క గొలుసు తాకట్టు పెట్టి. అక్కకి తెలీదు.

అకౌంట్స్ అరండల్‌పేట: ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఇప్పుడే.

పటమట మాస్టారు: ఫోన్ బావ చేస్తాడు. నువ్వు అక్క దగ్గరికి వెళ్ళు.