ఆదివారం సర్రే కొండల సైకిల్ రైడ్: హాల్ చేజారింది, రూట్ మళ్ళీ గీయాలి

కొండదారి · బుధవారం, రాత్రి 8:50
ఊరి హాల్ వాళ్ళ మెయిల్ ఇందాకే వచ్చింది. ఆదివారానికి హాల్ ఇవ్వలేమన్నారు. 46 మంది రైడర్లు, 30 కార్లు అంటే వాళ్ళ పార్కింగ్‌లో పట్టవు, మిగతావి సందులో పెడితే ఊళ్ళో వాళ్ళు ఊరుకోరు, అదీ కారణం. ప్లాన్ షీట్‌లో రాసుకున్న బ్యానర్, మైక్, టీషర్టులు, వేడి భోజనం అన్నిటికీ ఆ హాలే ఆధారం. రేపు రాత్రికల్లా ఎక్కడ మొదలెడతామో తేలకపోతే రూట్ మ్యాపుల జీపీఎక్స్ ఫైళ్ళు పంపలేను, శుక్రవారం రెక్కీకి (ముందే ఒకసారి దారి చూసి రావడానికి) కుదరదు. తోచింది చెప్పండి.

లెక్కలపుస్తకం · 9:05
అడ్వాన్సు £120 వెనక్కి ఇస్తామన్నారు గానీ ఎప్పుడో చెప్పలేదు. ఖాతాలో మిగిలింది £185. వ్యాన్ డీజిల్, ఫస్ట్ ఎయిడ్, ట్యూబులు, అరటిపళ్ళు అన్నీ అందులోంచే. ఇంకో హాల్‌కి అడ్వాన్సు కట్టే వీలు లేదు.

వంటశాల · 9:12
సాంబారన్నానికి 60 మంది లెక్కన సరుకులు వచ్చేశాయి. హాల్లో స్టవ్ ఉందనే ధైర్యంతో తెచ్చాం. కార్ల సంగతి ముందే తేల్చుకోమని జూలైలోనే అడిగాను. "చూసుకుంటాంలే అక్కా" అన్నారు. చూసుకున్నది ఇదా?

కొండదారి · 9:20
అక్కా, రూట్ గీయడం నా పని. హాల్ కాగితాలు నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నా మీద పడి లాభం లేదు.

వంటశాల · 9:24
ఎవరి పని అని అడగలేదు. 60 మంది ఆకలి గురించి అడిగాను.

వెనకబండి · 9:31
ఆగండి ఇద్దరూ. పక్కూరి స్కూల్ గ్రౌండ్ అడిగి చూస్తాను. దొరక్కపోతే హాల్ లేకుండానే చేద్దాం. అసలు హాల్ ఎందుకు కావాల్సి వచ్చింది? కార్లు పెట్టుకోవడానికి, టాయిలెట్లకి, భోజనానికి. ఆ మూడూ ఒకే చోట దొరకాలని రూలేం లేదు కదా.

పంక్చర్‌కిట్ · 9:48
బాబాయ్ చెప్పింది నిజం. డార్కింగ్ స్టేషన్ దగ్గర మొదలెడితే? లండన్‌లో వాటర్లూ నుంచీ విక్టోరియా నుంచీ రైళ్ళున్నాయి. సగం మంది రైలెక్కితే కార్లు 30 కాస్తా పదిహేను దాకా అవుతాయి. కాకపోతే అందరూ ఒకే రైలు ఎక్కకూడదు. బోగీలో సైకిళ్ళకి చోటు తక్కువ, నాలుగేసి చొప్పున వేర్వేరు రైళ్ళలో రావాలి. ఆదివారం ట్రాక్ పనులుంటే బస్సు వేస్తారు, బస్సులో సైకిల్ ఎక్కించనివ్వరు. శనివారం సాయంత్రం మరోసారి చూసుకోవాలి.

కొండదారి · 10:15
స్టేషన్ మంచి ఆలోచనే. కానీ నాకు రెండు చోట్ల ఇబ్బంది కనిపిస్తోంది.

ఒకటి, పాత లూప్‌లో మొదటి కొండ కూమ్ లేన్ ఎక్కుడు. అప్పటికి పది కిలోమీటర్లు తొక్కి ఒళ్ళు వేడెక్కి ఉండేది. డార్కింగ్ నుంచి అయితే స్టేషన్ దాటగానే రాన్‌మోర్ ఎక్కుడు. చల్లటి కాళ్ళతో ఎక్కితే మొదటి కొండలోనే సగం మంది ఊపిరి అయిపోతుంది. అందుకే ముందు ఏ24 రోడ్డు పక్కనున్న సైకిల్ దారిలో బర్ఫోర్డ్ బ్రిడ్జ్ దాకా వెళ్ళి వెనక్కి రావాలి. చదును నేల, 4 కిలోమీటర్లు, చాలు.

రెండోది తిరిగే దిక్కు. ఇక్కడ ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి గడియారానికి ఎదురు దిక్కులో తిరిగితే ఎక్కువ మలుపులు ఎడమకే పడతాయి, ఎదురు ట్రాఫిక్‌ని కోసుకుంటూ వెళ్ళే పని తగ్గుతుంది. కాబట్టి ఇలా: డార్కింగ్, రాన్‌మోర్, కూమ్ లేన్ దిగి షీర్, పీస్‌లేక్, యూహర్స్ట్, ఫారెస్ట్ గ్రీన్, అక్కడ నుంచి బి2126 మీద ఓక్లీ వైపు వెళ్తూ ఎడమకి లీత్ హిల్, కోల్డ్‌హార్బర్, దిగి మళ్ళీ డార్కింగ్. సుమారు 42 కిలోమీటర్లు.

వైట్‌డౌన్ లేన్ మాత్రం ఎవరూ అడగొద్దు. నిటారు వాలు, సన్నటి దారి, రెండు పక్కలా మట్టి గట్లు, దిగగానే ఏ25. గుంపుతో దిగే చోటు కాదు.

లెక్కలపుస్తకం · గురువారం, ఉదయం 7:10
పోస్టర్ మీద బాక్స్ హిల్ అని అచ్చేశాం. 2012 ఒలింపిక్స్‌లో మగవాళ్ళ రోడ్ రేసు దాని చుట్టూ తొమ్మిది సార్లు తిరిగిందని అది చూడాలనే చాలామంది పేరిచ్చారు. కొత్త రూట్‌లో అది లేదు.

కొండదారి · 7:35
ఉంది వదినా, చిన్న గుంపుకి. బర్ఫోర్డ్ బ్రిడ్జ్ దాకా అందరితో కలిసి వెళ్ళి, అక్కడ నుంచి జిగ్‌జాగ్ రోడ్ ఎక్కుతారు. రెండున్నర కిలోమీటర్లు, సగటున 5 శాతం వాలు, ఎక్కడా మోకాళ్ళు విరిగేంత లేదు. పైన టాయిలెట్లు ఉన్నాయి. అదే దారిన దిగితే మొత్తం పది కిలోమీటర్లు. పిల్లలకీ, కొత్తవాళ్ళకీ ముందు అనుకున్న న్యూడిగేట్ రూట్ కంటే ఇదే నయం.

పంక్చర్‌కిట్ · 8:02
పెద్ద లూప్‌కి గేర్ల సంగతి ఇప్పుడే చెప్పాలి. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు అనుకుంటే, 10 శాతం వాలులో గంటకి 8 కిలోమీటర్ల వేగానికే దాదాపు 195 వాట్లు పెట్టాలి. ముందు 34 పళ్ళు, వెనక 32 ఉంటే ఆ వేగానికి పెడల్ నిమిషానికి 60 సార్లు తిరుగుతుంది, నెట్టుకొచ్చెయ్యొచ్చు. వెనక 28 తో వచ్చేవాళ్ళకి అదే వాలు చాలా బరువుగా ఉంటుంది.

అలాగని శనివారం రాత్రి హడావుడిగా 34 క్యాసెట్ (వెనక చక్రం పళ్ళ చక్రాల గుత్తి) బిగించొద్దు. వెనక గొలుసుని గేర్ల మీదకి జరిపే డెరైలర్ పొట్టి కేజ్‌ది అయితే దాన్ని మోయలేదు. గొలుసు పొడుగు చాలకపోతే పొరపాటున ముందు పెద్ద రింగ్, వెనక పెద్ద కాగ్ మీదకి మార్చారో, డెరైలర్ సాగిపోయి దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. మార్చేవాళ్ళు గొలుసు కొత్తగా కొలుచుకుని, డెరైలర్‌కీ కాగ్‌కీ మధ్య ఎడం సరిచేసే బీ స్క్రూ తిప్పి, ఒక చిన్న కొండ ఎక్కి చూశాకే రావాలి.

వెనకబండి · మధ్యాహ్నం 1:20
స్కూల్ వాళ్ళు కుదరదన్నారు. సరే, స్టేషనే. నేను వ్యాన్‌తో గుంపు వెనకాల రాను. ఆ లేన్లలో వ్యాన్ నిదానంగా పాకితే దాని వెనక కార్లు పేరుకుపోతాయి, ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి పోవడానికి చోటుండదు. ముందే వెళ్ళి మూడు చోట్ల ఆగుతాను: రాన్‌మోర్ పైన, ఫారెస్ట్ గ్రీన్‌లో, కోల్డ్‌హార్బర్‌లో. లీత్ హిల్ చెట్ల మధ్య ఫోన్ సిగ్నల్ నమ్మలేం. అందుకే రైడ్ లీడర్లు ప్రతి చోటా తల లెక్క చూసి నాకు నోటితో చెప్పాకే ముందుకి కదలాలి.

వంటశాల · 1:45
అయితే సాంబార్ లేదు. పొద్దున్నే పులిహోర కలిపి ఒక్కొక్కరికీ డబ్బాలో పెట్టేస్తాను, చల్లారినా రుచి పోదు. పెరుగన్నం వద్దు, వ్యాన్‌లో నాలుగు గంటలుంటే పులుస్తుంది. డబ్బాలు రైడ్ అయ్యాక స్టేషన్ దగ్గరే ఇచ్చేద్దాం. ఏ పచ్చిక మీదో 60 మందిమి గిన్నెలు దించితే మళ్ళీ ఇంకొకరి పర్మిషన్ అడగాలి.

నిన్న రాత్రి మాట కొంచెం గట్టిగా పడింది తమ్ముడూ, మనసులో పెట్టుకోకు.

కొండదారి · 2:03
అయ్యో అక్కా, పెట్టుకోవడానికేముంది. ఉప్పు కొంచెం ఎక్కువ వెయ్యి, చెమట పట్టి వస్తారు.

లెక్కలపుస్తకం · 2:30
షీట్‌లో "కొండ మొదట ఎక్కినవాళ్ళకి బహుమతి" అని ఉంది. దాన్ని కొట్టేయండి. సమయం చూసి బహుమతిస్తే అది రోడ్డు మీద రేసు కింద లెక్క. అనుమతి లేని రేసు 1988 రోడ్ ట్రాఫిక్ చట్టం ప్రకారం నేరం. మనం పోలీసులకి నోటీసు ఇవ్వలేదు, ఇంత తక్కువ టైమ్‌లో ఇవ్వలేం కూడా.

పంక్చర్‌కిట్ · 3:10
గుంపులు ఎనిమిదేసి మంది, గుంపుకీ గుంపుకీ మధ్య ఐదు నిమిషాలు. ఇద్దరు పక్కపక్కన తొక్కొచ్చని హైవే కోడ్‌లోనే ఉంది, కానీ వెనక కారు చేరితే లీడర్ కేక వేసి ఒకే వరసకి తేవాలి. గుర్రాలు కనిపిస్తే బెల్ కొట్టొద్దు, దూరం నుంచే పలకరించి, నెమ్మదిగా, దూరంగా దాటాలి.

కొండదారి · శుక్రవారం, సాయంత్రం 6:40
రెక్కీ అయింది.

రాన్‌మోర్ బాగుంది. కూమ్ లేన్ దిగుడులో జాగ్రత్త. ఆ కొండ సుద్దరాయి, అందులో చెకుముకి రాళ్ళుంటాయి, వానకి కొట్టుకొచ్చి ఎడమ అంచునే పేరుకున్నాయి. అంచుకి అతుక్కోకుండా కార్ల చక్రాలు తిరిగి శుభ్రమైన గాడిలోనే దిగాలి. కింద ఏ25 జంక్షన్ ఒక్కసారిగా ఎదురవుతుంది, అక్కడ ఇద్దరు మార్షల్స్ ఉండాలి.

లీత్ హిల్ వైపు నేల మారిపోతుంది, అక్కడ ఇసుకరాయి. గట్ల మధ్య పల్లపు దారుల్లో నడిమధ్యన ఇసుక గీతలా పేరుకుంది, ఎండ పడదు కాబట్టి తడి ఆరదు. మలుపులో ఆ గీత మీద వంగితే ముందు చక్రం జారుతుంది. పట్టపగలైనా వెనక ఎర్ర లైటు వేసుకోండి, వెలుతురులోంచి చెట్ల కిందకి వచ్చే డ్రైవర్‌కి రెండు క్షణాలు ఏమీ కనిపించదు.

కోల్డ్‌హార్బర్ నుంచి డార్కింగ్‌కి దిగుడు చాలా పొడుగు. బ్రేకులు అదేపనిగా నొక్కి పట్టుకోకుండా, మలుపుకి ముందు రెండూ గట్టిగా పట్టి వదలాలి. కార్బన్ రిమ్‌కి రిమ్ బ్రేకులున్నవాళ్ళు మరీ జాగ్రత్త, రిమ్ కాలిపోయి ట్యూబ్ పేలుతుంది. మనిషికీ మనిషికీ నాలుగైదు సైకిళ్ళంత ఎడం వదలండి.

పంక్చర్‌కిట్ · 7:15
చెకుముకి అన్నారు కాబట్టి ఒక్కొక్కరు రెండు ట్యూబులు తేవాలి. పంక్చర్ అయితే టైరు లోపల వేళ్ళతో తడమొద్దు, గాజుముక్కలా కోస్తుంది. గుడ్డతో రుద్దండి, గుడ్డ చిక్కుకున్న చోటే రాయి ఉంటుంది. కోత పొడుగ్గా ఉంటే లోపల పాత టైరు ముక్క గానీ, నాలుగు మడతలు పెట్టిన చాక్లెట్ కవరు గానీ పెట్టి మూసెయ్యాలి. లేకపోతే కొత్త ట్యూబ్ అక్కడే ఉబ్బి పగులుతుంది. 28 మిల్లీమీటర్ల టైర్లకి 75 కిలోల మనిషికి 65–70 పీఎస్ఐ చాలు, బండలా గాలి కొట్టొద్దు.

వెనకబండి · శనివారం, రాత్రి 8:05
రైళ్ళు చూశాను, మామూలుగానే నడుస్తున్నాయి. వ్యాన్‌లో నిలువు పంపు పెట్టాను, కానీ దాని మూతి సన్న వాల్వుకే పడుతుంది. పిల్లల సైకిళ్ళకి లావు వాల్వు. అడాప్టర్ ఎవరి దగ్గరైనా ఉందా?

లెక్కలపుస్తకం · 8:20
మా ఇంట్లో రెండున్నాయి, తెస్తాను. టీషర్టులు కూడా నా కారులోనే ఉన్నాయి, అడిగినవాళ్ళకి స్టేషన్ దగ్గర ఇస్తాను. బ్యానర్ ఎవరూ అడగలేదు, ఇంట్లోనే వదిలేస్తున్నాను.