ఎంఎస్ వచ్చాక తిండి ముందా, వ్యాయామం ముందా? మా ఇంట్లో రోజూ ఇదే గొడవ

సీతాఫలం:
నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్), అంటే మెదడు, వెన్నుపాముల్లో నరాల మీద పొర దెబ్బతినే జబ్బు. నాది రిలాప్సింగ్ రకం, అప్పుడప్పుడు ఎటాక్ వచ్చి తగ్గుతుంది. దానికి డైమిథైల్ ఫ్యూమరేట్ అనే మందు రెండు పూటలా వేసుకుంటున్నాను. హైదరాబాద్‌లో స్కూల్ టీచర్‌ని, సాయంత్రం అయ్యేసరికి చెయ్యెత్తే ఓపిక కూడా ఉండదు.

అసలు విషయం ఏంటంటే, అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఒక డైట్ చార్ట్ పంపింది. గోధుమ వద్దు, పాలు పెరుగు వద్దు, పప్పులు వద్దు, అన్నం దాదాపు లేనట్టే, రోజుకి తొమ్మిది కప్పుల కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు. పప్పు, పెరుగు తీసేస్తే తెలుగువాళ్ల కంచంలో ఇంక ఏం మిగులుతుందో ఎవరైనా చెప్పండి. మా అత్తయ్యగారు పాపం మోకాళ్ల నొప్పులతోనే నాకోసం వేరే వండుతున్నారు. డాక్టర్ గారిని అడిగితే "అన్నీ తినమ్మా, రోజూ నడువు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నడుస్తానంటే మా అమ్మ ఊరుకోదు, ఒళ్లు అలిస్తే మళ్లీ ఎటాక్ వస్తుందని టెన్షన్.

నాకున్న ఓపికతో రెండూ చేయలేను. ఒక్కటే పట్టుకోమంటే మీరైతే ఏది పట్టుకుంటారు? మొహమాటం లేకుండా చెప్పండి.

జెర్సీ_బాబాయ్:
తిండే అమ్మా, సందేహమే లేదు. నాకు ఎంఎస్ వచ్చి చాలా ఏళ్లయింది. మీ ఆడపడుచు పంపింది వాల్స్ డైట్ అయ్యుంటుంది. టెర్రీ వాల్స్ అయోవా యూనివర్సిటీలో డాక్టర్, తనకే సెకండరీ ప్రోగ్రెసివ్ ఎంఎస్ (మెల్లగా ముదురుతూ పోయే దశ), వీల్‌చెయిర్ దాకా వెళ్లి, తిండి మార్చాక మళ్లీ సైకిల్ తొక్కింది. నేను పాటించేది అంతకంటే పాతది, స్వాంక్ పద్ధతి. రాయ్ స్వాంక్ అనే న్యూరాలజిస్ట్ నార్వేలో చూస్తే, వెన్న, మాంసం బాగా తినే లోపలి పల్లెల్లో ఎంఎస్ ఎక్కువ, చేపలు తినే సముద్రపు ఒడ్డున తక్కువ. ఆ లెక్కతోనే 1940ల చివర్లో మాంట్రియల్‌లో తన పేషెంట్లకి కొవ్వు తగ్గించడం మొదలుపెట్టాడు. 144 మందిని 34 ఏళ్లు చూసి 1990లో లాన్సెట్ పత్రికలో రాశాడు. కొవ్వు గట్టిగా తగ్గించినవాళ్లలో వైకల్యమూ తక్కువ, చావులూ తక్కువ.

నేను నెయ్యి, వెన్న, మీగడ, మటన్ అన్నీ మానేశాను, చేపల పులుసు మాత్రం తింటాను. తల మబ్బుగా ఉండేది, అది తేలికపడింది. ఇప్పుడు "ట్రయల్ ఏది, రుజువు ఏది" అనేవాళ్లు వస్తారు చూడు.

పప్పుచారు_ఫ్యాన్:
వచ్చాను బాబాయ్. నాకూ ఎంఎస్సే, కాబట్టి బయటివాడినని మాత్రం అనకండి.

స్వాంక్ స్టడీలో చీటీలు వేసి సగం మందికి డైట్, సగం మందికి మామూలు తిండి అని పంచలేదు. అందరికీ డైటే చెప్పారు, తర్వాత పాటించినవాళ్లని పాటించనివాళ్లతో పోల్చారు. ఒంట్లో ఓపిక ఉన్నవాడు అన్నేళ్లు డైట్ చేయగలడు, మంచాన పడ్డవాడు ఎవరు ఏది పెడితే అది తింటాడు. డైట్ చేశారు కాబట్టి బాగున్నారా, బాగున్నారు కాబట్టి డైట్ చేయగలిగారా అనేది ఆ లెక్కలో తేలే అవకాశమే లేదు. ఆయన మొదలుపెట్టిన రోజుల్లో ఎంఆర్ఐ కూడా లేదు.

వాల్స్ గారి కథలో కూడా సగమే చెప్పారు. ఆవిడ తిండితో పాటు కండరాలకి ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్ పెట్టించుకున్నారు, వ్యాయామం చేశారు. ఆ సంగతి ఆవిడే చెప్పుకున్నారు. మన వాట్సాప్ దాకా వచ్చేసరికి ఆకుకూరలు ఒక్కటే మిగిలాయి!

ఈ రెండు డైట్‌లనీ ఎదురెదురుగా పెట్టిన ట్రయల్ కూడా ఉంది, అయోవాలోనే, 2021లో వచ్చింది. రెండు గుంపుల్లోనూ నీరసం తగ్గింది, నిజమే. కానీ మామూలుగా తినే మూడో గుంపు అందులో లేదు. ఇంకో సంగతి చూడండి, వాల్స్ మాంసం తినమంటుంది, స్వాంక్ మొదటి ఏడాది ఎర్ర మాంసం ముట్టొద్దంటాడు. స్వాంక్‌లో గోధుమ తినొచ్చు, వాల్స్‌లో కూడదు. ఒకదానికొకటి పడని రెండు పద్ధతుల్లోనూ మనుషులకి బాగానే అనిపించిందంటే, రెండిట్లోనూ కామన్‌గా ఉన్నది చూడాలి కదా. బేకరీ సరుకు, ప్యాకెట్ తిండి, కూల్‌డ్రింకులు తగ్గాయి, కూరగాయలు పెరిగాయి. అంతవరకు చేయడానికి ముద్దపప్పుని ఇంట్లోంచి తరిమేయక్కర్లేదు.

ఆ మధ్య మన దగ్గర కొబ్బరినూనె తాగే డైట్ ఊపేసింది గుర్తుందా. మా వైపు ఎంఎస్ ఉన్న ఒకాయన అదీ పట్టాడు. కొబ్బరినూనెలో ఉండేది చాలావరకు సంతృప్త కొవ్వే (నెయ్యి, వెన్నల్లో ఉండే రకం), స్వాంక్ ఏమో ఆ కొవ్వు రోజుకి 15 గ్రాములు దాటొద్దంటాడు. ఎవరి మాట వినాలి మరి? అసలు రిలాప్సింగ్ ఎంఎస్‌లో ఎటాక్ వచ్చాక కొన్ని వారాల్లో చాలామందికి దానంతట అదే ఎంతోకొంత తగ్గుతుంది. మనం డైట్ మొదలుపెట్టేది ఎప్పుడు? ఎటాక్ వచ్చి హడలిపోయినప్పుడు. తర్వాత తగ్గితే పేరు డైట్‌కి వస్తుంది.

బెజవాడ_ఎండ:
+1. మా పెద్దనాన్న ఇంకా కొబ్బరినూనె డబ్బా దాచుకున్నాడు.

వరంగల్_ఫిజియో:
నేను ఫిజియోథెరపిస్ట్‌ని, న్యూరో పేషెంట్లే ఎక్కువ, కాబట్టి నా వాటం వ్యాయామం వైపే ఉంటుందని ముందే అనుకుని చదవండి.

సీతాఫలం గారూ, మీ అమ్మగారు ఆ భయాన్ని ఊరికే ఊహించుకోలేదు, డాక్టర్లే దశాబ్దాల పాటు అలా చెప్పారు. 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్, శ్రమ చేసినప్పుడు ఎంఎస్ వాళ్లకి చూపు మసకబారుతోందని రాశాడు. అసలు కారణం శ్రమ వల్ల ఒంట్లో పెరిగే వేడి అని తర్వాత తేలింది. నరం మీద మైలిన్ పొర దెబ్బతిన్నచోట ఒంటి వేడి కొద్దిగా పెరిగినా సిగ్నల్ తడబడుతుంది, చల్లబడగానే మళ్లీ మామూలుగా పోతుంది. కొత్తగా నరానికి దెబ్బ ఏమీ తగలదు. అయినా ఆ భయం వల్ల "ఎంఎస్ అంటే విశ్రాంతి" అనే సలహా చాలా కాలం నడిచింది. 1996లో అమెరికాలోని యూటాలో పెటజాన్ బృందం 15 వారాలు చేతులతో, కాళ్లతో తిప్పే సైకిల్ మీద ఎంఎస్ వాళ్లతో వ్యాయామం చేయించింది, దమ్ము పెరిగింది, కండబలం పెరిగింది, దిగులు తగ్గింది. తర్వాత వచ్చిన ట్రయల్స్‌లో కూడా వ్యాయామం చేసినవాళ్లకి రిలాప్స్‌లు, అంటే మళ్లీ మళ్లీ వచ్చే ఎటాక్‌లు, పెరిగినట్టు కనపడలేదు.

2020లో అమెరికా ఎంఎస్ సొసైటీ తరఫున వచ్చిన సిఫార్సు వారానికి 150 నిమిషాలు. వినగానే కళ్లు తిరుగుతాయి, కానీ అది మెల్లగా చేరుకోవాల్సిన లెక్క. పూటకి పది నిమిషాలతో మొదలుపెట్టండి. అమ్మగారికి ఒక గుర్తు చెప్పండి: నడిచాక తిమ్మిరో మసకో వచ్చి, చల్లగా కూర్చుంటే కాసేపట్లో పోయిందంటే అది వేడి వల్ల వచ్చింది. జ్వరం, ఇన్ఫెక్షన్ ఏమీ లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటి ఉందంటే అప్పుడు న్యూరాలజిస్ట్‌కి ఫోన్ చేయాలి.

జెర్సీ_బాబాయ్:
పప్పుచారు బాబూ, రుజువులు వచ్చేదాకా కూర్చుంటే మన జీవితం అయిపోతుంది. మందు కంపెనీ మాత్ర మీద ట్రయల్ చేస్తుంది, వంకాయ కూర మీద ఎవడు చేస్తాడు? డైట్ వల్ల నష్టమేముంది చెప్పు. పనిచేస్తే మంచిదే, చేయకపోతే బీపీ, షుగర్ అయినా అదుపులో ఉంటాయి.

కోనసీమ_కోడలు:
"నష్టమేముంది" అన్నారు చూడండి, దానికి నేను జవాబు చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో ఎంఎస్ ఉన్నది మా ఆయనకి, డైట్ చేసింది మాత్రం నేను.

ఒకళ్లు గోధుమ మానమన్నారు, ఇంకొకళ్లు సిరిధాన్యాలే తినాలన్నారు, ఒక చుట్టం వచ్చి పాలు ఆపమని, సాయంత్రం ఆరు తర్వాత ఏమీ పెట్టొద్దని చెప్పి వెళ్లాడు, ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే పొద్దున్నే లేచి ఆయనకొక వంట, పిల్లలకొక వంట, మామగారికి షుగర్ కాబట్టి ఇంకొకటి, మధ్యలో ఆయన ఒళ్లు తగ్గిపోయి ప్యాంట్లు జారుతుంటే చుట్టాలంతా "భలే సన్నబడ్డావురా" అని మెచ్చుకున్నారు, ఆ తగ్గినదాంట్లో కొవ్వు కంటే కండ ఎక్కువ పోయిందని తర్వాత మెట్లెక్కలేకపోయినప్పుడు తెలిసింది. రక్తపరీక్ష చేయిస్తే బి12 అడుగుకి పోయింది. బి12 తగ్గితే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది, అంటే ఎంఎస్ లక్షణాలే! అది ఎంఎస్ ముదరడమా, తిండి లోపమా అని అర్థం కాక మేము పడ్డ టెన్షన్ మాకే తెలుసు. వీటన్నిటికంటే పెద్దది, "తిండితోనే తగ్గుతోంది కదా" అని ఆ చుట్టమే ఎంఎస్‌కి తీసుకునే ఇంజెక్షన్ ఆపెయ్యమన్నాడు. నేను ఒప్పుకోలేదు.

సీతాఫలం అక్కా, ఇంకో మాట. డైమిథైల్ ఫ్యూమరేట్ ఖాళీ కడుపున వేసుకుంటే ముఖం ఎర్రబడి మండటం, కడుపులో తిప్పడం ఎక్కువగా ఉంటాయి, తిండితో వేసుకుంటే కొంత తగ్గుతాయి. మా ఆడపడుచు కూతురు అదే వాడుతుంది, కడుపునిండా టిఫిన్ తిన్నాకే వేసుకుంటుంది. కాబట్టి మీ డైట్ చార్ట్‌లో ఉపవాసం పూటలు ఉంటే డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి.

జెర్సీ_బాబాయ్:
మందు ఆపమని నేను ఎప్పుడూ అనను తల్లీ. నేనూ ఎంఎస్‌కి ఇన్‌ఫ్యూజన్ (సెలైన్‌లా నరంలోకి ఎక్కించే మందు) తీసుకుంటున్నాను. బి12 మాట ఒప్పుకుంటాను, కానీ అది తప్పుగా చేసిన డైట్. విటమిన్ డి సంగతి ఏమంటావు పప్పుచారూ, అదైనా ఒప్పుకుంటావా?

పప్పుచారు_ఫ్యాన్:
సగం ఒప్పుకుంటా. డి తక్కువున్నవాళ్లకి ఎంఎస్ వచ్చే అవకాశం ఎక్కువ అన్నది చాలా చోట్ల కనపడింది. వచ్చాక మాత్రలు వేసుకుంటే ఏం జరుగుతుంది అనేదే గొడవ. అమెరికాలో 2023లో వచ్చిన ట్రయల్‌లో, గ్లాటిరామర్ అనే ఎంఎస్ ఇంజెక్షన్ వాడుతున్నవాళ్లకి రోజుకి 5000 యూనిట్లు ఇచ్చినా 600 ఇచ్చినా రిలాప్స్‌ల్లో తేడా లేదు. 2025లో ఫ్రాన్స్‌లో, ఇంకా ఏ మందూ మొదలుపెట్టని తొలిదశ వాళ్లకి రెండు వారాలకోసారి లక్ష యూనిట్లు ఇస్తే జబ్బు ఉధృతి కొంత తగ్గింది, ముఖ్యంగా ఎంఆర్ఐలో. కాబట్టి పరీక్ష చేయించుకుని, తక్కువుంటే డాక్టర్ చెప్పిన మోతాదు వేసుకోవాలి. సొంతంగా లక్షల్లో మింగితే కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినొచ్చు.

అన్నట్టు, ఇంత మాట్లాడాం, సిగరెట్ గురించి ఒక్కరూ ఎత్తలేదు. పొగతాగేవాళ్లకి ఎంఎస్ త్వరగా ముదురుతుందన్నదానికి మీ నెయ్యి, గోధుమల కంటే చాలా గట్టి రుజువు ఉంది. మా గ్రూపులో ఒకాయన గోధుమలో ఉండే గ్లూటెన్ మానేసి, బాల్కనీలోకి వెళ్లి దమ్ము కొట్టొస్తాడు.

బెజవాడ_ఎండ:
అందరూ నడవమంటున్నారు గానీ మే నెలలో మా ఊళ్లో ఎక్కడ నడవాలి? నాకు ఎంఎస్, ఇల్లు పై అంతస్తు, సాయంత్రం ఏడింటికి కూడా స్లాబ్ సెగ కొడుతుంది. పార్కుకి వెళ్లి వచ్చేసరికి ఎడమకాలు ఈడుస్తూ వస్తాను. చూసినవాళ్లు తాగొచ్చాడనుకుంటారు.

వరంగల్_ఫిజియో:
వేసవిలో పార్కు మానేయండి అన్నా. తెల్లవారుజామున ఇంట్లోనే, ఫ్యాన్ కిందో కూలర్ ముందో చేయండి. మొదలుపెట్టే ముందు చల్లటి నీళ్లు తాగండి, మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకోండి, వ్యాయామానికి ముందూ వెనకా వేడినీళ్ల స్నానం వద్దు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, రబ్బర్ బ్యాండ్‌తో చేతులు లాగడం, వీటికి గజం స్థలం చాలు. దగ్గర్లో స్విమ్మింగ్ పూల్ ఉంటే నీళ్లలో నడవడం అన్నిటికంటే సుఖం, కాకపోతే పక్కన మనిషి ఉండాలి. పూర్తిగా అలిసిపోయేదాకా చేయొద్దు, ఇంకా చేయగలను అనిపిస్తుండగానే ఆపాలి.

ఇంకోటి, యూరిన్ ఆగదనే భయంతో చాలామంది నీళ్లు మానేస్తారు. దాంతో మలబద్ధకం, యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తాయి, ఇన్ఫెక్షన్ వస్తే పాత లక్షణాలన్నీ మళ్లీ లేస్తాయి. నీళ్లు మాత్రం తగ్గించకండి.

సీతాఫలం:
అందరికీ థాంక్స్. కోనసీమ కోడలు గారి పోస్ట్ అత్తయ్యగారికి చదివి వినిపించాను. "ఆ అమ్మాయి నా మనసులో మాట రాసింది" అన్నారు. పప్పు, పెరుగు మళ్లీ ఇంట్లోకి వచ్చేశాయి. రెండు పూటలా ఒక కూర ఎక్కువ, బేకరీ బంద్, అందరికీ ఒకటే వంట. బి12, డి టెస్టులు రాయమని డాక్టర్‌ని అడుగుతాను. చార్ట్ పక్కన పెట్టేశానని ఆడపడుచుకి ఇంకా చెప్పలేదు, అది వేరే యుద్ధం.

ఫిజియో గారూ, కాసేపు నడిచాక నా కుడి పాదం ముందుభాగం నేలకి తగిలి తట్టుకుంటోంది. ఇలా ఉన్నా నడవొచ్చా?

వరంగల్_ఫిజియో:
నడవొచ్చు, కానీ ముందు ఎవరైనా ఫిజియోకి నడిచి చూపించండి, ఇలా రాతలో చెప్తే సరిపోదు. అది ఫుట్ డ్రాప్ (పాదం ముందుభాగం పైకి లేవకపోవడం) అయితే ఏఎఫ్ఓ అనే ప్లాస్టిక్ పట్టీ చెప్పులోనో షూలోనో పెడతారు, తట్టుకోవడం చాలా తగ్గుతుంది. అప్పటిదాకా హవాయి చెప్పులతో నడవొద్దు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. పాదం తట్టుకోవడం మొదలైందంటే ఆ పూటకి నడక ఆపేసి, మిగతాది కూర్చుని చేయండి.

జెర్సీ_బాబాయ్:
సరే, నడువమ్మా, నేను వద్దనలేదు. పెరుగు మాత్రం మీగడ తీసి తిను.